పాడి ఆవుకు థైలేరియా ముప్పు.. గోమారు కుడితే కణానికి బ్రేకులుండవు!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పాల డబ్బులతోనే ఇల్లు గడిచే కుటుంబాలు ఎన్నో. పాకల్లో జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులు ఎక్కువ. గోమార్ల వల్ల వచ్చే థైలేరియా జబ్బు దేశవాళీ పశువుల కంటే వీటినే గట్టిగా దెబ్బతీస్తుంది. ఇంతకీ ఈ పరాన్నజీవి ఆవు ఒంట్లో ఏం చేస్తుంది?

మామూలుగా కణం ఎలా పెరుగుతుంది?
చూడి ఆవుకు పొదుగు పెరగాలన్నా, పాలు రావాలన్నా ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్లు కావాలి. హార్మోన్ కణం మీదున్న గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ కబురు జాక్2, స్టాట్5 అనే ప్రొటీన్ల మీదుగా కణ కేంద్రకానికి చేరుతుంది. హార్మోన్ తగ్గితే కబురూ ఆగుతుంది. అంటే ఆన్, ఆఫ్ రెండూ శరీరం చేతిలోనే ఉంటాయి.

థైలేరియా చేసే మాయ ఇదీ..
గోమారు రక్తం పీల్చేటప్పుడు దాని లాలాజలంతో పాటు థైలేరియా లోపలికి వెళ్లి తెల్లరక్తకణాల్లో దూరుతుంది. అక్కడ ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే సంకేత మార్గాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతుంది. దాన్ని నడిపే ఎంజైములను తన చుట్టూ పోగేసుకుంటుందని 2002లో శాస్త్రవేత్తలు గుర్తించారు. దీంతో కణం చావదు. క్యాన్సర్ కణంలా విభజన చెందుతూనే ఉంటుంది. కణం రెండైతే, లోపలి పరాన్నజీవి కూడా రెండుగా చీలి రెండింట్లోకీ చేరుతుంది.

అయితే ఒక ఊరట ఉంది. బూపార్వాక్వోన్ ఇంజెక్షన్‌తో పరాన్నజీవి చస్తే ఆ కణాల పెరుగుదల కూడా ఆగిపోతుంది. కానీ రక్తం బాగా తగ్గిపోయాక వైద్యం చేసినా ఆవు దక్కడం కష్టం.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు
* 104 డిగ్రీలు దాటిన జ్వరం
* భుజం ముందు గడ్డల వాపు
* మేత మానేయడం, పాలు పడిపోవడం
* కనురెప్పల లోపల పాలిపోవడం

ముందుజాగ్రత్త
హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే రక్షావాక్-టి టీకా ఉంది. ల్యాబ్‌లో ఆగకుండా పెరిగే ఈ కణాల్లోనే పరాన్నజీవిని ఏళ్ల తరబడి పెంచి, బలహీనపరిచి దీన్ని తయారుచేస్తారు. టీకా ఎప్పుడు వేయించాలో పశువైద్యుడిని అడగండి. గోమార్లు దాక్కునే పాక గోడల పగుళ్లు పూడ్చండి. ఈ జబ్బు మనుషులకు సోకదు. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేయండి.