గోగాఁ దారుముద్రలలో తాహితి దేవతలు

1893 నవంబరులో పాల్ గోగాఁ తన తాహితి చిత్రములను పారిస్ నగరమున ప్రదర్శించెను. చూచినవారు పెక్కురు, కొన్నవారు కొందరే. ఆ చిత్రముల వెనుకనున్న లోకమును ఐరోపావారికి తెలుపుటకై ఆయన ‘నోవా నోవా’ అను గ్రంథమును వ్రాయబూనెను. దానికై ఆ చలికాలమునందే పది దారుఫలకములను చెక్కెను. ‘నోవా నోవా’ యనగా తాహితి భాషలో పరిమళభరితమని యర్థము.

ఆ పదింటిలో సృష్టికర్తయైన తారోవా యున్నాడు. చంద్రదేవతయైన హీనా యున్నది. రాత్రివేళ ప్రేతములకు వెరచి ముడుచుకొనియున్న స్త్రీ యున్నది. నిప్పుచుట్టు మూగిన జనులును, వారి వెనుక దట్టమైన చీకటియు నున్నవి. ఈ దేవతలను గోగాఁ ఎచట చూచెను?

తాహితిలో మాత్రము కాదు. క్రైస్తవ మతబోధకులు 1797లోనే ఆ ద్వీపమున దిగిరి. 1815లో రెండవ పొమారే రాజు విజయము పొందిన పిమ్మట పూర్వపు విగ్రహములు దగ్ధమయ్యెను, మరాయె లనబడు ఆరాధనస్థలములు పాడుపడెను. 1880లో ఫ్రాన్సు ఆ ద్వీపమును తనలో కలుపుకొనెను. 1891లో గోగాఁ చేరునప్పటికి అచటి జనులు ఆదివారములలో ప్రార్థనాలయములకు పోవుచుండిరి.

‘నోవా నోవా’లో ఆయన చెప్పినది వేరు. తనతో కాపురముండిన తెహామన యను బాలిక రాత్రులందు ఈ కథలను తనకు వినిపించెనని వ్రాసెను. ఆయన లెక్కప్రకారమే ఆమెకు పదమూడేండ్లు. ఆ కాపురమును నేడు మనము మనోహరమైన ప్రణయగాథగా చదువజాలము. కథలు వినిపించె ననుటయు నిజము కాదు. అవి మొరెన్‌హూట్ అను దౌత్యోద్యోగి 1837లో ప్రకటించిన గ్రంథములోనివి. గోగాఁ దానిని ఎరవు తెచ్చుకొని, కావలసిన భాగములను తన పుస్తకములో ఎత్తివ్రాసికొనెను. మొరెన్‌హూట్ సృష్టిగీతమును ఒక వృద్ధ అర్చకుని వలన గ్రహించినట్లు చెప్పెను. ఆ వృద్ధుని స్మృతి ముద్రితగ్రంథమై, మరల కొయ్యకు ఎక్కినదన్నమాట. నడుమ బాలిక పేరు అలంకారముగా వచ్చి చేరినది.

మరియొక విశేషము. గోగాఁ వద్ద జావాద్వీపపు బోరోబుదూరు శిల్పముల ఛాయాచిత్రములుండెను. ‘తె అతూవా’ యను ముద్రలో నడుమ పద్మాసనస్థుడైన దేవునిలో బుద్ధుని పోలిక మనవారికి తోచకపోదు. పాలినీషియా దేవతకు బౌద్ధశిల్పపు ఆసనము లభించినది.

ఇంతమాత్రమున ఈ ముద్రలు కల్లలని త్రోసివేయుదమా? మేమట్లు తలంపము. ఇందుకు కారణము పనితనమందే యున్నది. గోగాఁ గట్టికొయ్యను అడ్డముగా కోయించి, ఉలితో లోతుగా తొలిచెను, సూదిమొనతో సన్నగా గీచెను, గరుకుకాగితముతో రుద్దెను. సిరాను సమముగా పూయక, ఒక్కొక్క ప్రతిని ఒక్కొక్క రీతిగా అచ్చొత్తెను. నలుపే హెచ్చు, అందుండి ఒక ముఖమో భుజమో పైకి తేలును. సగము రూపుమాసిన దేవతలకు అంతకంటె సరియైన రూపము వేరొకటి లేదు. గ్రంథములో ఆయన తాను విన్నాననెను. కొయ్యమీద మాత్రము వినరానిదిగానే చెక్కెను.

మిత్రుడు లూయీ రువా ఒక్కొక్క ఫలకమునకు ఇరువదియైదు, ముప్పది ప్రతులు నలుపు, పసుపు, ఎరుపులలో తీసెను. వానిలో నలుపు మరింత ముద్దగా పడినది. గోగాఁ 1903లో మార్కెసాస్ దీవులలో మరణించెను. కుమారుడు పోలా 1921లో కోపెన్‌హేగెన్ నగరమున అవే ఫలకములను నూరేసి ప్రతులుగా శుభ్రముగా అచ్చొత్తెను. తండ్రి ప్రతులలో సిరాక్రింద మునిగిన సన్నని గీతలు అప్పుడు బయటపడెను.