బడిపిల్లల పళ్లెము – ఒక శతాబ్దపు కథ



"మావాడు ఏదీ తినడు, పెరుగన్నం తప్ప ముట్టడు" అన్న మాట మీరు విననిది కాదు. రాజపాళయంలోని తెలుగు ఇళ్లలోనూ ఇదే మాట. దీనికి మందు వెదకబోయే ముందు, ఈ సీమలో బడిపిల్లల పళ్లెం ఎట్లా మారుతూ వచ్చిందో ఒకసారి గమనించండి.

1920 సెప్టెంబరులో మద్రాసు నగరపాలక సంస్థ, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన పాఠశాలలో పిల్లలకు ఫలహారం పెట్టాలని తీర్మానించింది. విద్యార్థికి రోజుకు ఒక అణా మించరాదని నియమం. నాటి సంస్థ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగువారే. తరువాత, మన రాజపాళయం వాసి పి.ఎస్. కుమారస్వామి రాజా గారు 1949 నుండి 1952 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ మద్రాసు రాష్ట్రంలోనే, పొరుగున ఉన్న విరుదునగరంలో పుట్టిన కామరాజు గారు 1956లో మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటికీ విస్తరింపజేశారు. 1982 జూలై 1న ఎం.జి.ఆర్. ప్రభుత్వం పౌష్టికాహార పథకాన్ని ఆరంభించింది.

ఇంతవరకు పెద్దల చింత అంతా ఆకలిని గురించే. పిల్లవానికి నచ్చిందా లేదా అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. 1989లో రెండు వారాలకు ఒక కోడిగుడ్డు చేరింది. 2010 నాటికి వారానికి అయిదు. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు. 2013లో, నిత్యం అదే అన్నం, అదే సాంబారు అయితే పిల్లలకు మొగం మొత్తుతుందన్న గ్రహింపుతో, రకరకాల అన్నాలను కొన్ని ప్రాంతాలలో ప్రవేశపెట్టారు: కూరగాయల బిర్యానీ, నల్లశనగల పులావు, కరివేపాకు అన్నం, మిరియాల గుడ్డు. ఇక్కడ ఆగి ఆలోచించండి. వేలాది బడులున్న ఒక ప్రభుత్వమే పిల్లవాణ్ని గద్దించక వంటను మార్చుకొన్నది. ఒక్క పొయ్యి ఉన్న మనకు అది అంత కష్టమా?

అట్లని పిల్లవాడు అడిగినదల్లా పెట్టుమని నా అభిప్రాయం కాదు. అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు అప్పుడే పాలు మానిన పసివారి ముందు రకరకాల పదార్థాలుంచి, ఇష్టమైనవి తిననిచ్చి, ఆ ఫలితాలను 1928లోను, 1939లోను ప్రకటించారు. దాదులు బలవంతపెట్టరాదు, పొగడరాదు. పిల్లలు చక్కగా పెరిగారు. అయితే వారి ముందుంచినవన్నీ సాదా పదార్థాలే. చక్కెర లేదు, మిఠాయి లేదు. ఆ రహస్యాన్ని చాలామంది మరచి "పిల్లలకే తెలుసు" అన్న సగం మాటనే చెబుతారు. పళ్లెంలో ఏముండాలన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది పిల్లవాని పని. కొత్త కూర ఒకనాటితో రుచించదు. ఎనిమిది పది సార్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, కొంచెం కొంచెంగా కంటబడవలసిందే.

బడిలో మరొక మేలున్నది: పంక్తి. ఇంట్లో ఆకుకూర తోసివేసే పిల్ల, పక్కన కూర్చున్న స్నేహితురాలు తింటూ ఉంటే తానూ ఒక ముద్ద నోట పెట్టుకొంటుంది. ఇంట్లో తల్లి గిన్నె పట్టుకొని వెంట తిరిగినా ఆ పని జరగదు. కనుక ఇంట్లోనూ పెద్దలు, పిల్లలు కలిసి ఒకే వంట తినండి. టీవీ ఆపండి.

తెలుగు బోధించే మనకు ఇందులో సొంత లాభం కూడా ఉన్నది. 2006 నాటి చట్టంతో తమిళనాట బడిలో తమిళం తప్పనిసరి అయినది. తెలుగు మిగిలింది చాలావరకు వంటింట్లోనే. తమిళనాట ఎన్నో తెలుగు ఇళ్లలో అన్నాన్ని నేటికీ "కూడు" అంటారు. ఆంధ్రదేశంలో ఆ మాట మోటుగా వినిపిస్తుంది, మనకు కాదు! పిల్లవాడు మునగాకు తిననంటే ఆ ఆకు పేరూ వానికి తెలుగులో రాదు. సంతకు వెంట తీసుకొని వెళ్లి, పొన్నగంటి కూరను, తోటకూరను, గోంగూరను చేతికిచ్చి పేరు చెప్పించండి. తమిళంలో పొన్నాంగణ్ణి, తెలుగులో పొన్నగంటి. రెండు పేర్లూ పలికిన పిల్లవాడు, ఆ కూర ఇంటికి వచ్చిన నాడు కనీసం వాసన చూస్తాడు.