రెండు ఓటింగులు, మధ్యలో ఒక వారాంతం

కోడ్ రివ్యూలో నాకు బాగా చిరాకు తెప్పించేది ఒకటుంది. చిన్న బగ్ సరిచేశామని పంపిన మార్పులో, ఎక్కడో 400 లైన్ల కింద, లాగిన్ పద్ధతినే మార్చేసే రెండు లైన్లుంటాయి. అడిగితే, "రిలీజ్ ఇవాళే కదా, ఇప్పుడు ఆపుతారా?" అంటారు. అమెరికా కాంగ్రెస్‌లో ఈ పనికి పేరే ఉంది: రైడర్. పాసవక తప్పని ఖర్చుల బిల్లు వీపెక్కి వచ్చే, దానితో సంబంధం లేని షరతు.

1995 వేసవిలో ప్రతినిధుల సభకి ఒక బిల్లు వచ్చింది. మాజీ సైనికుల వైద్యానికీ, ఇళ్ల పథకాలకీ, పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇ.పి.ఏ.కీ కలిపి డబ్బిచ్చే బిల్లు. ఇ.పి.ఏ. బడ్జెట్‌లో దాదాపు మూడోవంతు కోసేశారు. అది చాలదన్నట్టు 17 రైడర్లు. పద్ధతి మాత్రం తెలివైనదే. పరిశుభ్ర జలాల చట్టాన్ని రద్దు చేద్దామని ఎవరూ అనలేదు. అలా అంటే విచారణలు పెట్టాలి, చర్చించాలి, ఊరెళ్లి ఓటర్లకి జవాబు చెప్పుకోవాలి. దాని బదులు, ఈ నిధుల్ని ఫలానా పనికి వాడకూడదని ఒక్క వాక్యం రాస్తే సరి. చిత్తడి నేలల రక్షణ, నదుల్లో కలిసే మురుగు, చమురు శుద్ధి కర్మాగారాల విషవాయువులు... చట్టం పుస్తకంలో అలాగే ఉంటుంది, అమలుకి పైసా ఉండదు.

అడ్డం తిరిగింది అధికార పక్షం మనిషే, న్యూయార్క్ రిపబ్లికన్ షెర్వుడ్ బోలర్ట్. ఒహాయో డెమొక్రాట్ లూయిస్ స్టోక్స్‌తో కలిసి 17 రైడర్లనీ తీసెయ్యాలని సవరణ పెట్టాడు. జూలై 28, శుక్రవారం, 212-206తో నెగ్గింది. సోమవారం మళ్లీ ఓటింగ్ పెట్టించారు. 210-210. సమానమైతే సవరణ ఓడినట్టే!

కానీ ఆ శుక్రవారం వృథా పోలేదని నా నమ్మకం. ఎవరూ చదవని పేజీలు అప్పుడే వార్తల్లోకెక్కాయి. నవంబర్ 2న అదే సభ, రైడర్లు వదిలెయ్యమని తన ప్రతినిధులకి 227-194తో చెప్పింది. డిసెంబర్‌లో క్లింటన్ ఆ బిల్లుని వీటో చేశాడు.

క్లింటన్‌ని మరీ హీరో చెయ్యకండి. బోలర్ట్ నెగ్గడానికి సరిగ్గా ఒకరోజు ముందు, జూలై 27న, ఆయనే ఇంకో ఖర్చుల బిల్లు మీద సంతకం పెట్టాడు. జూన్‌లో ఒకసారి వీటో చేసిన బిల్లే. అందులో ఓక్లహోమా సిటీ బాంబు పేలుడు సహాయ నిధులున్నాయి, కాదనడం కష్టం. వాటి వెనకే, ఎండిన చెట్ల పేరుతో ప్రభుత్వ అడవుల్లో కలప నరకడానికి పర్యావరణ చట్టాలు అడ్డురాకుండా చేసిన రైడర్ ఉంది. వాయవ్య రాష్ట్రాల్లో పచ్చగా ఉన్న పాత మహావృక్షాలు కూడా దాని కిందే కూలాయి. గడువు 1996 చివరిదాకా.