మాట మీద మాట

1965 మార్చి 18. న్యూయార్క్‌లో రోడ్డు పక్కన నడుస్తున్న ఒక మనిషి ఉన్నట్టుండి కుప్పకూలాడు. బ్రెయిన్ స్ట్రోక్. పేరు జాన్ కెల్లీ, వయసు 41. బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు. నాలుగేళ్ల కిందటే ఐబీఎం 704 కంప్యూటర్ చేత పాట పాడించినవాడు.

అతను పోయిన 19 రోజులకి 'ఎర్లీ బర్డ్' ఉపగ్రహం నింగికెగిరింది. అమెరికా, యూరప్‌ల మధ్య ఫోన్లు కలపడం దాని పనుల్లో ఒకటి.

చిక్కంతా దూరంతోనే. ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెక్కి దిగేసరికి పావు సెకను. ఇంటి ఫోనుకి వచ్చేవి రెండు తీగలు, దూరపు లైనుకి నాలుగు. అవి కలిసేచోట కొంత ధ్వని వెనక్కి మళ్లుతుంది. అర సెకను తర్వాత ఎవరి గొంతు వాళ్లకే వచ్చి తగులుతుంటే ఎంతటి మాటకారికైనా నోరు తడబడుతుంది.

ఈ ప్రతిధ్వనికి, అంటే ఎకోకి, అప్పటికి దొరికిన మందు ఎకో సప్రెసర్. ఒకరు మాట్లాడుతుంటే ఎదురుదారి మూసేస్తుంది. ఎకోతో పాటు అవతలివాళ్ల మాటా గుటుక్కుమంటుంది.

కెల్లీ బతికుండగానే, అతనూ బెల్ ల్యాబ్స్ సహోద్యోగి బెన్ లోగన్ మరోలా ఆలోచించారు. దారి మూయొద్దు. ఈ లైనులో ఎకో ఎలా పుడుతోందో యంత్రమే నేర్చుకోవాలి. అచ్చం అలాంటి నకలు తయారుచేసి, వచ్చే ధ్వనిలోంచి తీసేయాలి. మిగిలేది అవతలి గొంతే. ఇదే ఎకో క్యాన్సిలర్.

ఆ పనిని ముందుకు నడిపిన వాళ్లలో మనదేశం నుంచి వెళ్లిన మన్‌మోహన్ సోంధీ ఒకరు. బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివి, 1962లో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. 1967లో తన పరిశోధన ప్రచురించాడు. కెల్లీ, లోగన్‌ల పేటెంట్ 1970 మార్చి 10న వచ్చింది. నంబరు 35,00,000. చూసుకోడానికి కెల్లీ లేడు. పరికరం ఖరీదు దిగాలంటే 1980లో బెల్ ల్యాబ్స్‌లోనే డట్‌వైలర్ బృందం దాన్ని ఒక్క చిప్‌లో ఇమిడ్చేదాకా ఆగాల్సొచ్చింది.

పుణె దగ్గర ఆర్విలో ఉపగ్రహ భూకేంద్రం 1971లో మొదలైంది. బెజవాడ–బందరు రోడ్డు మీది పామర్రు లాంటి ఊళ్ల నుంచి పిల్లలు అమెరికా వెళుతున్న కాలమది. ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చున్న ఏ ఇంట్లోనైనా వినపడే మాటలివే:

"ఒరేయ్, అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా, నాన్న..."

"ఆఁ? ఏవిటీ? నువ్వు ముందు చెప్పు!"

ఒకరు ముగించాక మరొకరు మొదలెట్టడం కృష్ణా జిల్లా ఇళ్లల్లో ఎప్పుడుంది గనక?

ఇవాళ తీగల గొడవ తగ్గింది, గది గొడవ మొదలైంది. స్పీకర్‌లోంచి వచ్చిన కొడుకు గొంతు గోడలకి తగిలి మళ్లీ మైకులో దూరుతుంది. దీన్ని పట్టేది సాఫ్ట్‌వేర్. గూగుల్ 2010లో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ కంపెనీని కొని, 2011లో బ్రౌజర్లలో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీ పేరిట కోడ్‌ని అందరికీ తెరిచింది. అందులోని ఎకో క్యాన్సిలర్ ధ్వనిని 64 శాంపిళ్ల ముక్కలుగా నమిలేస్తుంది. సెకనుకి 16 వేల శాంపిళ్ల లెక్కన ఒక్కో ముక్క 4 మిల్లీసెకన్లు.

ఏళ్ల తరబడి పేరుకున్న ఆ కోడ్‌ని సర్దడం కత్తి మీద సామే. అందుకే ఇంజనీర్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక ఫంక్షన్‌ని విడదీసినా, పేరు మార్చినా, బయటికొచ్చే ధ్వని పాతదానితో బిట్‌కి బిట్ సరిపోవాలి. సరిపోతే మార్పు పక్కన 'బిట్ ఎగ్జాక్ట్' అని రాస్తారు. ధ్వనినే మెరుగుపరచాలంటే అది వేరే మార్పు. రెండూ కలిపితే తప్పు ఎక్కడ దూరిందో తేలదు. చివరికి పాతదాన్ని దింపి, ఏఈసీ3 అనే కొత్త క్యాన్సిలర్‌నే ఎక్కించారు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం. అప్పుడు ఎకో నకలు తయారుచేసే ఫిల్టర్ నేర్చుకోవడం తగ్గించుకోవాలి. లేదంటే తల్లి గొంతునీ ఎకోలో లెక్కేసుకుని దారి తప్పుతుంది. కోడ్ ఎంత పొందిగ్గా సర్దినా, కొడుకు చెబుతుండగా తల్లి అందుకున్న మాట తెగిపోయిందంటే ఆ సర్దుడంతా దండగ.