తాత జావాకి పాలిషా, మైనమా?

1961లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ బండ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. 1973 నుంచి అక్కడి బండ్లకి యెజ్డి అనే పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మా తాత కొన్న ముదురెరుపు జావా మాత్రం, ఫ్యాక్టరీలో వేసిన రంగుతోనే, ఇంకా మా ఇంట్లో ఉంది.

పోయిన ఆయుధపూజకి బండి తళతళలాడాలని మేమంతా కూర్చుని పాలిష్ పట్టాం. గుడ్డ ఎర్రగా అయింది. మురికి పోతోందని సంబరపడ్డాం. అవ్వ చూసి, "చాలించండ్రా, మీ తాత బండి గుడ్డకెక్కుతాంది" అనింది.

నిజమే. పాలిష్‌లో సన్నటి గరుకు పొడి ఉంటుంది. అది మాసిన పైపొరని అరగదీసి మెరుపు తెస్తుంది. ఇప్పటి బండ్లకి రంగు మీద క్లియర్ కోట్ కాపుంటుంది. మా జావాకి అది లేదు, అరిగేది రంగే. ట్యాంకు మీది బంగారు గీత అప్పటికే ఒకచోట పలచబడింది.

మైనం వేరు. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నోబా మైనం రంగు మీద పలచని పొరగా నిలిచి నీళ్ళని జారుస్తుంది. గీతల్ని మాత్రం పోగొట్టదు.

అందుకే ఇప్పుడు మైనమే రాస్తున్నాం. తాత టిఫిన్ క్యారియర్ రాసుకున్న గీతలు అలాగే ఉన్నాయి. ఉండనీ.