పెద్దల చదువు: ఉపన్యాసపరంపరల పూర్వచరిత్ర

చదువనగానే పలకయు, బలపమును, అయిదేండ్ల బాలుడును మన మనస్సునకు తోచుదురు. ఉద్యోగము లభింపగనే పుస్తకమును మూసివేయుటయు, ఉద్యోగవిరమణమైన పిదప "ఈ వయస్సున మాకు చదువెందులకు?" అనుటయు మనలో సామాన్యమైపోయినది. మన పూర్వులట్లు తలపలేదు. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లి మానవుని విధుల నొక్కొక్కదానిని పేర్కొనుచు, ప్రతి విధివెంటను స్వాధ్యాయప్రవచనములను మరల మరల జోడించినది. తాను చదువుట, ఒరులకు చెప్పుట యను నీ రెండును జీవించినంతకాలము విడువరానివని దాని యాశయము.

ప్రతి సంవత్సరమును మనము దూరగ్రామములనుండి యీ మహాసభకు వచ్చుచున్నాము. ఉపన్యాసములు వినుచున్నాము, పూలమాలలు వేయుచున్నాము, తీర్మానములు చేయుచున్నాము. సభ ముగిసిన మరునాడు భవనమునకు తాళము పడుచున్నది. ఆ తాళమును గూర్చియే యీ వ్యాసము. ఏ యుపన్యాసము వినువారికి విద్యయగును? ఏ యుపన్యాసము గాలిలో కలిసిపోవును? ఈ ప్రశ్నకు చరిత్ర యొసగు సమాధానమును నాకు తెలిసినంతవరకు విన్నవించుకొందును.

పురాణశ్రవణము

ఈ దేశమున పెద్దల బడి మిక్కిలి పురాతనమైనది. క్రీస్తుశకము 7వ శతాబ్దమున పల్లవరాజగు పరమేశ్వరవర్మ కాంచీపురసమీపమునందలి కూరము గ్రామమున శివాలయమునకు దానము చేయుచు, అందలి మండపమున భారతమును చదివి వినిపించుటకై యొక భాగమును ప్రత్యేకించెను. ఆ తామ్రశాసనము నేటికిని లభించుచున్నది. బియ్యమునకును, నూనెకును కేటాయింపు చేసినట్లే రాజు చదువునకును చేసినాడన్నమాట. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ప్రోత్సాహముచే నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమున కుపక్రమించిన పిమ్మట, ఆ శ్రవణము తెలుగువారి భాషలోనే సాధ్యమాయెను.

ఈ పద్ధతియందు రెండు గొప్ప గుణములు గలవు. ఒకటి పరంపర. నేడు విడిచినచోట రేపు మొదలిడుదురు. ఒక పర్వము ముగియుటకు నెలలు పట్టును. వినువారు మరల మరల వత్తురు. రెండవది, అక్షరజ్ఞానము లేనివారును వినవచ్చును. అక్షరమెరుగని మా మాతామహి ధర్మసూక్ష్మములను తర్కించుట నేను బాల్యమున విన్నాను. ఆమె చదువంతయు వీథియరుగు ముందర సంపాదించినదే.

లోపములును రెండు గలవు. వానిని దాచుట చరిత్రకారునకు తగదు. పౌరాణికుడు చెప్పును, జనులు విందురు. నడుమ ప్రశ్నకు చోటు మిక్కిలి తక్కువ. మఱియు ఎవరెచ్చట కూర్చుండవలయునో కులమే నిర్ణయించెను. అస్పృశ్యులని పేరిడి దూరముంచిన వారికి ఆ యరుగు దరిదాపులకు రానుండ లేదు. జ్ఞానమునకు వాకిలి తెఱచియుండినను గడప యెత్తుగ నుండెను.

రాజమహేంద్రవరము

ఆధునికకాలమున ఉపన్యాసమును తెలుగునాట సాంఘికశక్తిగ మార్చినవారు కందుకూరి వీరేశలింగము పంతులు గారు. 1878లో రాజమహేంద్రవరమున సంఘసంస్కరణ సమాజమును నెలకొల్పి, 1879 ఆగస్టులో వితంతు వివాహమునుగూర్చి వారుపన్యసించిరి. పండితులు ఆక్షేపించిరి. పంతులు గారు మిన్నకుండక, అదే సంవత్సరము అక్టోబరులో మరల సభచేసి ఆ యాక్షేపణలకు శాస్త్రప్రమాణములతో ప్రత్యుత్తరమిచ్చిరి. ఇచ్చట మనము గమనింపవలసిన విషయమొకటి గలదు. మొదటి యుపన్యాసమున వక్త పలికినాడు. రెండవదానిలో శ్రోతల సందేహములును పలికినవి. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిగెను. మాట క్రియగ మారుటకు రెండేండ్లకు పైగా పట్టినది. 1890లో పంతులు గారు ఆ పట్టణమున పురమందిరమును నిర్మింపజేసిరి. నలుగురు కూడి మాటలాడుకొనుటకు తమదను చోటు లేనిచో సంస్కరణ సాగదని వారెరుగుదురు.

ప్రశ్న పుట్టిన విధము

ఉపన్యాసమున ప్రశ్నకు నియతమైన స్థానమెట్లు లభించెనో తెలిసికొనుటకు కొంతసేపు ఇంగ్లండు దేశమునకు పోవలసియున్నది. 1867లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్సు స్టూఅర్టు అను 24 ఏండ్ల యువకుడు లీడ్సు, లివర్‌పూలు, మాంచెస్టరు, షెఫీల్డు పట్టణములయందు స్త్రీల సభలలో వరుసగ నుపన్యసించెను. యువకుడొకడు స్త్రీలతో ముఖాముఖి ప్రశ్నోత్తరములు జరుపుట యనుచితమని యాకాలపు మర్యాద. అందుచే అతడు ప్రశ్నలను అచ్చువేయించి పంచెను. వారు ఉత్తరములు వ్రాసి పంపిరి. సంకోచమునుండి యొక గొప్ప పద్ధతి పుట్టినది.

పిదప రాచ్‌డేలు పట్టణమున సహకారసంఘపు కార్మికులకు అతడుపన్యసించుచుండెను. ఒకనాడు త్వరగా పోవలసివచ్చి, తన చిత్రపటములను మరుసటి వారమువరకు గోడమీదనే యుంచుమని కావలివానిని కోరెను. తిరిగి వచ్చుసరికి కావలివాడు సంతోషముతో నెదురువచ్చి, సభ్యులా పటములముందు చేరి తమలో తాము చర్చించుకొనిరనియు, వారికి అడుగవలసినవి యనేకములున్నవనియు చెప్పెను. ఆనాటినుండి ఉపన్యాసమునకు చర్చాసమయమును జోడించుట యాచారమైనది. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే యీ పద్ధతిని స్వీకరించి డెర్బీ, లెస్టరు, నాటింగుహాము పట్టణములలో నుపన్యాసపరంపరలను ప్రారంభించెను. ఒక విద్వాంసుని గొప్పతనముకంటె గోడమీద మిగిలిపోయిన పటములే విద్యకెక్కువ యుపకారము చేసినవనిన నతిశయోక్తి గాదు.

తెలుగునాట గ్రంథాలయములు

మనవారును వెనుకబడియుండలేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదునందు కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు మున్నగువారి పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసి చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున నందింపసాగెను. 1914 ఏప్రిలులో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్య గారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు అధ్యక్షత వహించిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామములనడుమ కాలువమీద పడవలో గ్రంథాలయమును నడపిరి. జనులు చదువు నొద్దకు రాలేనిచో చదువే జనులయొద్దకు పోవలయునను సూత్రమునకు ఇంతకంటె చక్కని దృష్టాంతమేమి గలదు?

నిజాం రాజ్యమున ఈ కార్యము మఱింత కష్టమైనది. సభ జరుపుటకు ముందుగ ననుమతి పొందవలయునను గస్తీ నిషాన్ 53 యొకవంక. తెలుగున మాటలాడిన నవహేళన మఱియొకవంక. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున ప్రసంగింపబూనగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము జనించినది. వినువారి భాషలో చెప్పని యుపన్యాసము విద్యగాదని ఆనాడు తెలుగువారు గ్రహించిరి.

కులసంఘముల వారమగు మనము విశేషముగ స్మరింపదగిన మహనీయు డొకడు గలడు. అతడు భాగ్యరెడ్డి వర్మ గారు. పురాణపు టరుగుకడకు రానీయబడని జనులకొఱకై వారు 1906లో హైదరాబాదునందు జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథలద్వారమున, ప్రసంగములద్వారమున పెద్దలకు ఆత్మగౌరవమును, శుచిని, విద్యాసక్తిని బోధించిరి. 1910 మొదలు పాఠశాలలు తెఱచిరి. ముందు పెద్దలను మేల్కొల్పి, పిదప పిల్లలకు బడి పెట్టినారు. ఈ క్రమమును మనము గమనింపవలయును. తాను వినని తండ్రి కుమారుని బడికి పంపుట యరుదు.

నెల్లూరు నేర్పిన పాఠము

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము పెక్కు కార్యములు చేసినది. 1948లో మద్రాసునను, 1955లో హైదరాబాదునను గ్రంథాలయ శాసనములు వచ్చినవి. 1982లో భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము మన హైదరాబాదుననే వెలసి, 1991 నుండి డాక్టరు అంబేద్కరు గారి పేరున ప్రసిద్ధమైనది. భవనమునకు, పుస్తకమునకు, పట్టమునకు శాసనములు గలవు. కాని సాయంకాలము పదిమంది కూర్చుండి యొకరి మాట వినుటకును, అడుగుటకును శాసనము లేదు. అది జనులు తాముగా జరుపుకొనవలసినది.

అట్లు జరిగిననాడేమగునో నెల్లూరు జిల్లా చూపినది. 1991లో అక్షరాస్యతోద్యమముననుసరించి రాత్రివేళల స్త్రీలు పాఠములకు చేరిరి. పాఠమున సారా త్రాగుడు వలన గూలిన సంసారమునుగూర్చి చదివిరి. చదివి యూరకొనక, అది తమ యింటి కథయే యని చర్చించుకొనిరి. 1992లో దూబగుంట స్త్రీలు రోశమ్మ గారు ముందు నడువగా తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. వారికి బోధించినవారు మహావక్తలు గారు. ఆ రాత్రిబడులయందు ప్రశ్నకు చోటుండెను, అంతియే.

నా తప్పు

ఈ చరిత్రమంతయు నెరిగియు నేను చేసిన తప్పును చెప్పుకొనక తప్పదు. ఉద్యోగవిరమణానంతరము మా పట్టణమున పెద్దలకొఱకు ప్రతి శనివారము భారతోపన్యాసమును మొదలిడితిని. మొదటి వారము నలువదిమంది వచ్చిరి; నాలుగవ వారమునకు ఏడుగురు మిగిలిరి. లోకమునకు శ్రద్ధ తగ్గినదని నిందించితిని. అంతట నొక వృద్ధురాలు నాతో, "మాస్టారూ, మీరు చెప్పేదంతా బాగానే ఉంది. మధ్యలో మేమేమైనా అడగవచ్చునా?" అనెను. ముప్పదియేండ్లు బడిలో ప్రశ్నలడిగినవాడనేగాని, అడుగనిచ్చినవాడను గాను. మరుసటి వారమునుండి గంటసేపు చెప్పి అరగంట విడిచితిని. ఆ యరగంటలో ద్రౌపది ప్రశ్ననుండి యాడపిల్లల యాస్తిహక్కువరకు చర్చ సాగెను. ఏడుగురు క్రమముగ నిరువదిమందియైరి. నలువది మరల రాలేదు; కాని యీ యిరువదిమంది మానలేదు.

మన కర్తవ్యము

కావున సంఘపెద్దలకు నా విన్నపము. మన భవనమును వారమున కొకసారి తెఱువుడు. ఒక విషయమును గైకొని 12 వారములు వరుసగ చెప్పింపుడు. నేడొక విషయము, రేపొక విషయమైనచో పరంపర నిలువదు. శాసనములు, ప్రాంతచరిత్రము, భూమి పత్రములు, వారసత్వచట్టము, మధుమేహము, ఖగోళము, కావ్యము: ఏదైనను మంచిదే. ప్రతి వారమును సారాంశమును, మూడు ప్రశ్నలను ఒక కాగితముమీద అచ్చువేసి పంచుడు. గంట యుపన్యాసమునకు అరగంట ప్రశ్నలుండవలయును. మెట్లెక్కలేనివారికొఱకు క్రింది గదిలోనే జరుపుడు. స్త్రీలకు వీలగు వేళను వారినే యడిగి నిర్ణయింపుడు.

చేతిలోని ఫోనునందు వేలకొలది యుపన్యాసములు లభించుచుండగా ఈ శ్రమ యెందులకని యువకులడుగుదురు. అందు వినుట సులభమే. కాని అందలి వక్త మన ముఖము చూడడు. మనకర్థము కాలేదని గ్రహింపడు. వచ్చేవారము మనము రాకపోయిన నేలరాలేదని యడుగడు. ఒంటరియైన వృద్ధునకు తుదిమాటయే ప్రధానము.

చివరి మాట కొందరికి రుచింపకపోవచ్చును. ఈ భవనము మన కులమువారి ధనముతో కట్టినది. అందు సందేహము లేదు. అయినను ఉపన్యాసవేళ దాని తలుపు కులమడుగకుండ అందరికిని తెఱచియుండవలయును. కులసంఘమున నిట్టి మాట తగునా యని యడుగువారుందురు. ఒకప్పుడు మన పెద్దలును ఏదో యొక యరుగు వెలుపల నిలిచి వినినవారే. ఆ బాధ నెరిగినవారము మఱియొకరికి గడపను అడ్డుపెట్టరాదు. మన దీపమునుండి పొరుగువాడు దీపము వెలిగించుకొన్నచో మన యింట చీకటి పడదు.

వచ్చే మహాసభనాటికి మన భవనపు తాళము తుప్పుపట్టక, దినదినము చేతులు తగిలి నునుపెక్కియుండుగాక యని పరమేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాను.

శుభం భూయాత్.