ధనుస్సంస్కారము

విల్లు చేయుట యొక విద్య. చేసిన వింటిని గాపాడుట మఱియొక విద్య. మొదటిదానిని గ్రంథములు విరివిగాఁ జెప్పినవి. రెండవది పనివారి చేతులలోనే యెక్కువగా నిలిచినది. అయినను దాని జాడలు పూర్వగ్రంథములందు లేకపోలేదు.

కౌటిల్యుని యర్థశాస్త్రమున, ఆయుధాగారాధ్యక్షప్రకరణమునందు, తాడు, వెదురు, కొయ్య, కొమ్ము అను నాలుగింటితో విండ్లు చేయుదురని కలదు. తెలుగున సింగిణి యనునది కొమ్ముతోఁ జేసిన వింటికిఁ బేరు. కొయ్య, కొమ్ము, నరములు జిగురుతో నతికి చేసిన విండ్లు మిక్కిలి బలము గలవియే కాని తేమకు నిలువవు. జిగురు చెమర్చినచోఁ బొరలు విడిపోవును. మొగలాయిల కాలమున మనదేశపుఁ గమ్మరులు ఉక్కువిండ్లును జేసిరి. వానిలోఁ గొన్ని నడుమ మరతో విడఁదీయఁదగినవి. అమరకోశము లస్తకమని చెప్పిన చోటు, అనఁగాఁ బిడికిలి పట్టుచోటు, ఇచట సంధిస్థానమైనది.

గ్రీకుల ఒడిస్సీ కావ్యమున 21వ సర్గమందు, ఇరువదియేండ్లకు ఇల్లు చేరిన నాయకుఁడు తన వింటిని జేతఁ బట్టి, కొమ్మును బురుగు తినెనేమో యని యిటునటు త్రిప్పి చూచును. ఎక్కుపెట్టుట యా తరువాతనే. ఆంగ్లపండితుఁడైన రోజర్ ఆస్కం 1545లోఁ బ్రకటించిన టాక్సోఫిలస్ అను గ్రంథమున, మైనము పట్టించిన యున్నిగుడ్డతో వింటిని బ్రతిదినము మెఱయునట్లు రుద్దవలెనని విధించెను. కావున మెఱుఁగు అందమునకు మాత్రమే కాదు. తేమ చొరకుండుటకుఁ గవచము. ఆ యేఁటనే మునిఁగిన మేరీరోజ్ యను యుద్ధనౌకనుండి నూటికిఁ బైఁబడిన విండ్లు లభించినవి. అవి 1982 నాఁటికి వెలికి వచ్చినవి. సముద్రపుటడుగున వానిని గాచినది మైనము కాదు, గాలి చొరనీయని బురద.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మూఁడుఖండముల విల్లు ప్రచారమునకు వచ్చినది. నడుమ గట్టికొయ్య పిడి. ఇరుప్రక్కల మరలతో బిగించు కొమ్మలు. కొమ్మలలోఁ బలుచని కొయ్యపొరలు, వాని వెలుపల గాజునార. 1920 తరువాత ఒలింపిక్ క్రీడలందు మానిపోయిన ధనుర్విద్య 1972లో మ్యూనిక్ నగరమున మరల ప్రవేశించినది.

ఇట్టి పాతవింటికి సంస్కారము చేయువాఁడు ముందు నారి దింపి, ఖండములు విడఁదీసి, మెలిక, పగులు, పొరవిడుపు గలవేమో పరీక్షింపవలెను. పొర విడినదైనచో మెఱుఁగు పెట్టుట వ్యర్థము, ఎక్కుపెట్టుట యపాయకరము. పిడిమీఁది పాతపూఁతను గొయ్యనార పోవు దిక్కుననే సన్నని గరుకుకాగితముతోఁ దీసి, పలుచని నూనెపూఁతలు, ఒకటి యాఱినపిదప నొకటి, వేయవలెను. కొమ్మలు కూర్చుచోటఁ బూఁత దళమైనచో వింటి పొందిక చెడును. కొమ్మల గాజునారను లోఁతుగా గీయరాదు; వింటి బలము దానియందే యున్నది.

కొమ్మలపై వ్రాసిన బలము, పొడవు, చేసినవారి ముద్ర చెఱుపఁబడరాదు. అవి పోయినచో విల్లు మిగులును, దాని చరిత్ర మిగులదు. తాళపత్రమునకు నూనె పట్టించు లేఖకుఁ డక్షరములను గాచినట్లే, ధనుస్సంస్కారము చేయువాఁడును ఆ గుర్తులను గాపాడవలసినవాఁడు.